ఒలకని నీళ్లు

నీళ్లు ఒలకలేదు.

ఒక్క చుక్క, మాటవరసకి ఒక్క చుక్క ఒలికినా అతను ఆ పూటకి హాయిగా స్నానం చేసి, టీ తాగి, పనికి వెళ్లిపోయేవాడు. అంచుదాకా నింపిన స్టీలు గ్లాసుని కుడిచేత్తో ఎత్తి, ఎడమచేతిలోని ఖాళీ గ్లాసులోకి వంచాడు. ధార సన్నగా, తిన్నగా పడింది. మళ్లీ అందులోంచి ఇందులోకి పోశాడు. వంటింటి గట్టు పొడిగా నిగనిగలాడుతూనే ఉంది. గ్లాసులు పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో వదిలేశాడు. వదిలిందే తడవు, కుడిచెయ్యి మొదలుపెట్టింది. బొటనవేలు చూపుడువేలి మీద అటూ ఇటూ పాకుతోంది, కనపడని మాత్ర దేన్నో ఉండ చుడుతున్నట్టు.

"ఒలికి చావకూడదూ!" అన్నాడు గ్లాసు వంక చూసి.

ముందుగదిలో కుట్టుమిషను ఆగింది. "ఎవర్నండీ తిడుతున్నారు?"

"ఎవర్నీ కాదు. రిహార్సలు."

"పొద్దున్నే మొదలుపెట్టారా? కాలేజీలో వణికేది చాలక ఇంట్లో కూడానా!" మెడలో టేపుతో భార్య గుమ్మంలోకి వచ్చింది. అతని ముఖం చూసి ఒక్క క్షణం ఆగింది. "నీళ్లు ఒలక్కపోతే కళ్లనీళ్లు పెట్టుకునే మనిషిని మిమ్మల్నే చూస్తున్నా."

"కళ్లల్లో సబ్బు పడింది."

"సబ్బు స్నానాలగదిలో ఉంది. మీరింకా అటుకేసి వెళ్లనే లేదు," అంది కానీ, మరేమీ అడగలేదు. మళ్లీ మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

అతని ఉద్యోగం రోగిలా నటించడం. వినడానికి వేళాకోళంగా ఉంటుంది గానీ నిఖార్సైన ఉద్యోగమే. వైద్య కళాశాలలో పిల్లలకి పరీక్ష పెట్టాలంటే రోగులు కావాలి. నిజంగా జబ్బుతో ఉన్న మనిషిని ఒక క్లాసు పిల్లలందరి ముందూ కూర్చోబెట్టి, "ఇంకొక్కసారి వణకవయ్యా" అంటే బాగుండదు కదా. అందుకని ఒకప్పుడు నాటకాలాడినవాళ్లని పిలిచి, జబ్బు లక్షణాలు నేర్పించి, కుర్చీలో కూర్చోబెడతారు. కడుపునొప్పి ఎవరైనా వేస్తారు. దగ్గు అంతకన్నా సులువు. వణుకు వెయ్యాలంటే మాత్రం అతనే రావాలి. అందుకే పిల్లలంతా అతన్ని వణుకు బాబాయి అంటారు.

వణుకుల్లో తేడాలన్నీ అతనికి నేర్పింది పెద్ద డాక్టరమ్మ. పుస్తకాల్లో వాటికి నోరు తిరగని పేర్లున్నా, వాళ్లిద్దరూ పెట్టుకున్న పేర్లు వేరు. చెయ్యి చాచి పట్టుకున్నప్పుడూ, గ్లాసు నోటిదాకా తెచ్చుకున్నప్పుడూ వచ్చేది ఎత్తిన వణుకు. తండ్రికుంటే పిల్లలకీ రావచ్చు. టీ ఒలుకుతుంది, సంతకం వంకర్లు పోతుంది, చాలామంది దాంతోనే నిండు నూరేళ్లూ బతికేస్తారు. వేలు ముక్కు దగ్గరికి చేరేకొద్దీ ఎక్కువై, ముక్కుకి బదులు చెంపకి పొడుచుకునేది గురి తప్పే వణుకు. దాని మీద దృష్టి ఉన్నంతసేపూ ఆడి, దృష్టి మళ్లగానే ఆగిపోయేది మనసు వణుకు. దాన్ని దొంగ వణుకంటే డాక్టరమ్మ ఊరుకోదు. "పాపం, ఆ మనిషి కావాలని చెయ్యడు మాస్టారూ," అంటుంది. ఇక మిగిలింది కూర్చున్న వణుకు. చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు వస్తుంది, పని చెప్తే ఆగుతుంది. అది ఉన్నవాడు గ్లాసు ఎత్తితే నీళ్లు ఒలకవు. ఒలకలేదని సంబరపడేందుకేమీ లేదు. ఒక చేతితో మొదలై మెల్లగా రెండో చేతినీ, కాళ్లనీ, ముఖాన్నీ, ఆఖరికి మాటనీ పట్టుకుంటుంది.

పదిమందికి నేర్పిన సంగతి మనకి తెలియనట్టు ఉండటం మహా కష్టం. అతను కొన్నాళ్లుగా ఆ కష్టమే పడుతున్నాడు. టీ ఎక్కువైందేమోనని మానేసి చూశాడు. నిద్ర చాలడం లేదేమోనని పగలు కూడా పడుకుని చూశాడు. గొంతు దగ్గరి గ్రంథి పాడైతే సన్నగా, గబగబా వణుకొస్తుందని విన్నాడు గనక, చాచిన వేళ్ల మీద కాగితం పరిచి చూశాడు. కాగితం కదల్లేదు. ఇక మిగిలిన ఆశ ఒక్కటే. భగవంతుడా, ఇది ఎత్తిన వణుకైతే చాలు అనుకుంటూ రోజూ ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి నీళ్లు పోస్తున్నాడు. నీళ్లు ఒలకవు.

ఎవరికైనా చెప్పుకుందామా అంటే, కాలేజీలో ఒక కట్టుబాటు ఉంది. నటించేవాడికి నిజమైన లక్షణం ఉండకూడదు. ఉంటే పరీక్ష చెడిపోతుంది. మోకాలినొప్పి వేషం వేసే ఆవిడకి నిజంగానే మోకాలు పట్టేస్తే, చేతులు పట్టుకుని రెండు మంచిమాటలు చెప్పి పంపించేశారు. నాటకాల కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఈ వయసులో ఇంకెవరు పిలుస్తారు? పిలిచినా, ఏం వేషం ఇస్తారు? ఇంట్లో మిషను చప్పుడు వింటూ కూర్చోవడం తప్ప అతనికి ఇంకేమీ మిగలదు. అదీగాక, ఒకసారి నోటితో చెప్పాక ఇక అది రిహార్సలు కాదు.

పరీక్షలకి ముందు కాలేజీలో సాధన పెడతారు. డాక్టరమ్మ ఎవరికి ఏ వేషమో పంచిపెడుతూ అతని దగ్గరికొచ్చి, "మాస్టారూ, ఈసారి మీకు మనసు వణుకు," అంది.

మనసు వణుకు వెయ్యాలంటే చెయ్యి ఆడమన్నప్పుడు ఆడాలి, ఆగమన్నప్పుడు ఆగాలి. ఆగమంటే ఆగే చెయ్యి అతనికి ఇప్పుడు ఒకటే ఉంది.

"ఎత్తిన వణుకు ఇప్పించండమ్మా. అది వేసి చాలాకాలమైంది."

"అది ఎవరైనా వేస్తారు. ఒక చేత్తో బల్ల మీద తాళం వేస్తుంటే, రెండో చేతి వణుకు ఆ తాళంలోకి జారిపోవాలి. ఆ పనితనం మీకు తప్ప ఎవరికుంది?"

పొగడ్త ఇంత భయపెడుతుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. "సరే, అయితే ఎడమచెయ్యి వణికిస్తా. ఎప్పుడూ కుడిచెయ్యేనా, దానికీ కాస్త విశ్రాంతి ఇవ్వాలిగా," అన్నాడు నవ్వు తెచ్చిపెట్టుకుని. డాక్టరమ్మ కూడా నవ్వి ఒప్పుకుంది. కుడిచేతికి విశ్రాంతి ఇస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. అందుకే దానికి గొడుగు అప్పజెప్పాడు. పెద్దమనిషి వేషానికి గొడుగు అతికినట్టు సరిపోయింది. పిడి గట్టిగా పట్టుకున్నంతసేపు చెయ్యి పనిలో ఉన్నట్టే, పనిలో ఉంటే నోరెత్తదు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అతని మీద సాధన చేశారు. ఎడమచేతిని చూస్తారు, కుడిచేత్తో బల్ల మీద తాళం వెయ్యమంటారు. అతను గొడుగు చంకలో పెట్టుకుని తాళం వేస్తాడు. ఎడమచేతి వణుకు ఆ తాళంలో పడిపోతుంది. "మనసు వణుకు!" అని వాళ్లు సంబరంగా చెప్పేసి పోతారు. చివరగా నత్త వచ్చింది.

ఆ అమ్మాయిని తోటిపిల్లలు పెట్టిన పేరుతోనే అందరూ పిలుస్తారు. ఏదీ గబగబా చెయ్యదు. మిగతావాళ్లు జబ్బు పేరు చెప్పేసి బయటికి వెళ్లే టైముకి ఆమె ఇంకా రోగి బూట్ల వంక చూస్తూ ఉంటుంది. అలా చూస్తూ చూస్తూ ఉండగానే గంట మోగిపోయి, ఈ పరీక్ష ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరి అవకాశం. ఈసారి పోతే కాలేజీలోంచే పేరు కొట్టేస్తారు. ఆ సంగతి కాలేజీలో తుడిచే మనిషికి కూడా తెలుసు.

"బాబాయి గారూ, ఒక్కసారి ఆ చివరిదాకా నడిచి రండి," అంది.

వణుకు పరీక్షలో నడక ఎవరూ అడగరు. అతను నడిచి వచ్చాడు. ఆమె తల పక్కకి వంచి చూసింది. తర్వాత అందరూ వెళ్లిపోయాక వరండాలో వెనకాలే వచ్చి, నెమ్మదిగా అడిగింది.

"కుడి భుజం నొప్పిగా ఉందాండీ? నడుస్తుంటే ఆ చెయ్యి ఊగడం లేదు."

"గొడుగు పట్టుకుంటే ఎలా ఊగుతుంది?"

"మీరు బల్ల మీద గొడుగు మర్చిపోయి వెళ్తున్నారండీ ఇప్పుడు." ఆమె చేతిలో అతని గొడుగుంది. ఇవ్వడానికే వెనక వచ్చింది.

అతనికి ఒళ్లు మండింది. నిజానికి మండింది ఒళ్లు కాదు, భయం. "నీ పుస్తకం నువ్వు చదువుకో తల్లీ, నా చెయ్యి కాదు! ఇలా అక్కర్లేనివన్నీ చూస్తూ కూర్చుంటే ఈసారీ అంతే. నత్త అని ఊరికే అన్లేదు," అని గొడుగు లాక్కున్నాడు.

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "క్షమించండి బాబాయి గారూ," అని పక్కకి తప్పుకుంది. అతను మెట్లు దిగిపోయాడు. సగం దూరం వెళ్లాక సిగ్గేసింది, వెనక్కి తిరిగి వెళ్లాలనిపించింది. వెళ్లలేదు.

ఇంటికి వచ్చి ముందుగదిలో కుర్చీలో కూలబడ్డాడు. భార్య కుట్టిన చొక్కాకి ఇస్త్రీ చేస్తూ, వీధిలో ఎవరో పిలిస్తే బయటికి వెళ్లింది. అతను కూర్చునే ఉన్నాడు. ఆమె కేకతో ఉలిక్కిపడ్డాడు.

"అయ్యయ్యో! మాడిపోతోంది, మాడిపోతోంది! పక్కనే కూర్చున్నారు, ముక్కు ఎవరికైనా అరువిచ్చారా?"

ఇస్త్రీపెట్టె కింద కాలరు గోధుమరంగుకి తిరిగింది. గదంతా సన్నటి పొగ. అతను గట్టిగా ఊపిరి పీల్చి చూశాడు. ఏమీ లేదు. పొగ కళ్లకి కనపడుతోంది, ముక్కుకి మాత్రం ఖాళీ గాలి తగులుతోంది. ఆమె కాలరు విప్పదీస్తూ అతన్ని ఇంకా నాలుగు తిట్టాల్సింది. తిట్టలేదు. "ఏదో ధ్యాసలో ఉన్నారు, పోనీండి," అని కత్తెర తీసుకుంది. ఆ పోనీండి అతనికి మరీ భారంగా తోచింది.

పరీక్ష రోజున వేరే కాలేజీ నుంచి పరీక్ష పెట్టడానికి ఒక ఎక్స్‌టర్నల్ వచ్చాడు. కడక్ ఇస్త్రీ చొక్కా, గడియారం వంక చూస్తూ మాట్లాడే మనిషి. చెడ్డవాడు కాదు. తన ముందున్న కాగితంలో సరైన జవాబు రాసి ఉంది, పిల్లలు ఆ జవాబు చెప్తే మార్కు, చెప్పకపోతే లేదు. గది మూలలో బల్ల వెనక కూర్చున్నాడు. మధ్యలో కుర్చీ, కుర్చీలో అతను, ఒళ్లో ఎడమచెయ్యి, కుడిచేతిలో గొడుగు.

గంట మోగినప్పుడల్లా ఒకరు లోపలికి వస్తారు, మళ్లీ మోగితే బయటికి పోతారు. అతను ఎడమచేతిని ఆడించాడు, తాళంలో పడేశాడు, మాటల్లో పెడితే ఆపాడు. ఒకడు "మీకింట్లో ఏమైనా బాధలున్నాయా?" అని అడిగితే, వేషానికి తగ్గట్టు తల దించుకుని, "ఎవరికి లేవు బాబూ?" అన్నాడు. ఎక్స్‌టర్నల్ మెచ్చుకోలుగా తలూపాడు. ఇలా గడిచిపోతే చాలు, ఈ ఒక్క రోజు గడిచిపోతే చాలు అనుకున్నాడు అతను.

నత్త వచ్చింది. నమస్కారం పెట్టింది. వరండాలో జరిగిందానికి ఆమె ముఖంలో కోపం లేదు. పరీక్షలో ఉంది గనక అతన్ని కొత్త మనిషిలా పలకరించింది.

"గొడుగు ఆ పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్లో వదులుగా పెట్టుకుంటారా?"

పెట్టనని ఎలా అంటాడు? రోగి పెట్టనంటే ఎక్స్‌టర్నల్‌కి అనుమానం వస్తుంది. గొడుగు కుర్చీకి ఆనించాడు. ఎడమచేతిని గట్టిగా ఆడించాడు, అందరి కళ్లూ దానిమీదే ఉండాలని. కుడి అరచేతిని తొడకి అదిమి పెట్టాడు.

"వదులుగా అండీ," అంది ఆమె. "కళ్లు మూసుకుని, నూరులోంచి ఏడు తీసేస్తూ పైకి చెప్పండి."

"తొంభై మూడు," అన్నాడు. "ఎనభై ఆరు." లెక్క మీద దృష్టి పెట్టగానే ఎడమచెయ్యి ఆగిపోవాలి, ఆపాడు. కుడిచేతిని ఆపలేకపోయాడు. "డెబ్భై తొమ్మిది." బొటనవేలు పాకింది. "డెబ్భై..." లెక్క తప్పాడు. కళ్లు తెరిచాడు.

ఆమె ఎడమచేతి వంక చూడటం లేదు. మోకాళ్ల మీద కూర్చుని, కుడిచేతి పక్కన తన ముఖం పెట్టి చూస్తోంది. తర్వాత అతని చేత ఒక వాక్యం రాయించింది, అక్షరాలు చీమల్లా చిన్నవైపోతూ వెళ్లాయి. నడిపించింది. మణికట్టు పట్టుకుని మెల్లగా తిప్పింది. ఆ వేళ్ల కింద తన చెయ్యి మెట్టుమెట్టుగా ఆగి ఆగి తిరగడం అతనికే తెలిసింది. ఆమె ముఖం వంక చూశాడు. చెప్పకు తల్లీ, అన్నాడు లోపల. నీకు దణ్ణం పెడతా, చెప్పకు.

"ఎడమచేతిది మనసు వల్ల వచ్చే వణుకు సార్," అంది ఆమె ఎక్స్‌టర్నల్ వైపు తిరిగి. గొంతు సన్నగా ఉంది కానీ తడబడలేదు. "కుడిచేతిది వేరు. ఊరికే ఉన్నప్పుడు వస్తోంది, పనిలో ఆగుతోంది, లెక్క చెప్పిస్తే పెరుగుతోంది. మణికట్టు బిగుసుకుని ఉంది. నడుస్తుంటే చెయ్యి ఊగడం లేదు. పార్కిన్సన్ మొదలైందని అనుకుంటున్నాను."

గంట మోగింది.

ఎక్స్‌టర్నల్ కళ్లజోడు పైకి తోసుకుని కాగితం చూశాడు. "మీ జవాబు ఇదేనా? మార్చుకుంటారా?"

"మార్చుకోను సార్."

ఆమె వెళ్లిపోయాక ఆయన కలం మూసి, అతని వైపు చూసి నవ్వాడు. "ఏం బోల్తా కొట్టించారండీ! అందరికీ ఒక వణుకు, ఆ అమ్మాయికి రెండా? ఆ కుడిచెయ్యి మీ సొంత కల్పనా? అద్భుతం. కానీ పాపం, ఆరోగ్యంగా ఉన్న మనిషికి అంత పెద్ద జబ్బు అంటగట్టింది. రేపు డాక్టరైతే ఎంతమంది కొంపలు ముంచేదో. ఇలాంటి తప్పుకి ఒక్కచోట కాదు, మొత్తం పరీక్షే పోతుంది."

అతను నోరు తెరిచాడు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ గంట మోగి తర్వాతి కుర్రాడు వచ్చేశాడు. అతను గొడుగు అందుకుని పిడి గట్టిగా పట్టుకున్నాడు.

ఆ రాత్రి అన్నం కంచం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద దిగలేదు. నోరు మూసుకుంటే చాలు. ఎవరూ అడగరు. మెచ్చుకున్నారు కూడా. ఆ అమ్మాయి ఎలాగూ రెండుసార్లు తప్పింది, మూడోసారి కూడా తప్పిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఇంకో ఏడాదో, ఆర్నెల్లో, చెయ్యి దాచగలిగినంతకాలం దాచుకోవచ్చు. ఇవన్నీ వరసగా అనుకున్నాడు. ప్రతిదానికీ చివర ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని తన చేతి వంక చూసిన చూపు అడ్డొచ్చింది. ఈ లోకంలో తన చేతిని అంత శ్రద్ధగా చూసిన మనిషి ఒక్కతే, ఆమెని తన చేతులతోనే ముంచేశాడు.

"ఏమైందో చెప్తారా, చెప్పరా?" అంది భార్య.

"అందరికంటే బాగా చూసినందుకు ఒక పిల్ల పరీక్ష తప్పింది," అన్నాడు. ఆ తర్వాత ఆగలేకపోయాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా, ముక్కు తుడుచుకోవడం కూడా మర్చిపోయి. ఆమె కంచం పక్కకి జరిపింది. ఏ పిల్ల, ఏ పరీక్ష అని అడగలేదు. "పొద్దున్నే వెళ్దాం. నేనూ వస్తా," అంది.

"నువ్వెందుకు?"

"ఊరికే. ఎప్పుడూ చూడలేదుగా, మీ కాలేజీ."

మర్నాడు డాక్టరమ్మ గది బయట వరండాలో పిల్లలు ఫలితాల కోసం గుంపులుగా నిలబడి ఉన్నారు. నత్త ఒక్కతే స్తంభం దగ్గర నిలబడి ఉంది. అతన్ని చూసి పక్కకి జరిగి దారిచ్చింది. అతను ఆమె కళ్లల్లోకి చూడలేక లోపలికి వెళ్లిపోయాడు. వెనకాల భార్య వచ్చి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ఆ అమ్మాయి చెప్పింది నిజమమ్మా," అన్నాడు గొడుగు కుర్చీకి ఆనించి, నిలబడే. "నా కుడిచేతికి కూర్చున్న వణుకు వచ్చింది. నేనే దాచాను. ఆ పిల్లని తప్పించకండి."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి అతని వంక జాలిగా చూసింది. ఆ జాలి అతని కోసం కాదు. "మీ మనసు నాకు తెలుసు మాస్టారూ. ఆ అమ్మాయంటే నాకూ జాలే. కానీ ఇలా అబద్ధం చెప్తే ఎలా?"

"అబద్ధం కాదమ్మా! చూడండి." కుర్చీలో కూర్చుని చెయ్యి ఒళ్లో వదిలాడు. బొటనవేలు పాకింది.

"చాలా బాగుంది," అంది డాక్టరమ్మ. "ఎప్పటిలాగే."

నీళ్ల గ్లాసు ఎత్తి చూపించాడు. మణికట్టు తిప్పి చూడమన్నాడు. రాసి చూపించాడు. ప్రతిదానికీ ఆమె తలూపుతూనే ఉంది. "ఇవన్నీ మీకు నేనే నేర్పించాను కదా. గుర్తులేదా? అక్షరాలు చిన్నవి చెయ్యడం మీకు రాకపోతే రెండు రోజులు కూర్చుని నేర్చుకున్నారు. మీరు వేసిన వేషాన్ని ఎక్స్‌టర్నల్ గారు నిన్నంతా పొగిడారు. ఇప్పుడు ఆ వేషమే చూపించి నమ్మమంటే నేనెలా నమ్మేది?"

అతను కలం బల్ల మీద పెట్టేశాడు. ఇన్నాళ్లూ నిజాన్ని నటన అని నమ్మించడానికి చచ్చేంత తంటాలు పడ్డాడు. ఇప్పుడు కాళ్లావేళ్లా పడినా అది నటన కాదని ఎవరూ నమ్మరు. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. ఆమె నమ్మకపోతే అతని మనసులో ఒక మూల ఆశ పుడుతోంది. ఇంత పెద్ద డాక్టరు కాదంటోందంటే, నిజంగానే కాదేమో. ఇన్నేళ్లు వేసి వేసి చెయ్యి దానికి అలవాటు పడిపోయిందేమో.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. కిటికీ తెర లాగేసి, కుర్చీ తిప్పుకుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"మీ కంపెనీలో మీరు రాజు వేషం వేసేవారన్నారు. కొలువంతా వెళ్లిపోయాక రాజు ఒంటరిగా మాట్లాడే ఘట్టం. అది పూర్తిగా వస్తుందా ఇప్పటికీ?"

"వస్తుందమ్మా. కానీ..."

"చెప్పండి. చేతులు ఒళ్లో పెట్టుకోండి. మధ్యలో ఆపకండి."

ఆమె ఎందుకు అడుగుతోందో అతనికి తెలుసు. వేసే వణుకైతే, నోరు ఇంకో పనిలో లీనమైతే ఆగిపోతుంది, లేకపోతే మాటల ఊపులో పడిపోతుంది. ఒక మనిషి ఒకేసారి రెండు వేషాలు వెయ్యలేడు. అతను గొంతు సవరించుకున్నాడు. ఆగిపోవే, అని చేతితో అన్నాడు. ఆ అమ్మాయి సంగతి ఆ క్షణంలో మర్చిపోయాడు, ఆ మాటా చెప్పుకోవాలి. ఆగిపో. నన్ను అబద్ధాలకోరుని చెయ్యి.

"దీపాలు ఎవరు ఆర్పారు?" అని మొదలుపెట్టాడు. "నేనింకా ఇక్కడే ఉన్నాను."

మొదటి మాటలు పొడిగా వచ్చాయి. తర్వాత గొంతు దారి దొరకబుచ్చుకుంది. కొడుకుని దేశం నుంచి వెళ్లగొట్టిన రాజు ఖాళీ సింహాసనాలతో మాట్లాడుతున్నాడు, కోప్పడుతున్నాడు, బతిమాలుతున్నాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు, ఎక్కడ పైకి లేవాలో అక్కడ గొంతు లేచింది. వేదిక మీద కూడా ఎప్పుడూ ఇంత బాగా చెప్పలేదు. వరండాలో పిల్లల గోల తగ్గిపోయింది. గుమ్మం దగ్గర భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఘట్టం మొత్తంలో కష్టమైన చోటు, ఊపిరి తీసుకోకుండా చెప్పాల్సిన చోటు వచ్చింది. చెప్పాడు. ఎక్కడా తప్పు పోలేదు.

డాక్టరమ్మ ఒక్కసారి కూడా అతని ముఖం చూడలేదు. మొదటి నుంచి చివరిదాకా అతని ఒళ్లోకే చూస్తూ ఉంది. అతను మాట ఆపి, తనూ ఆ వైపు చూశాడు. రాజు వెళ్లిపోయాడు. చెయ్యి మాత్రం తనకేమీ పట్టనట్టు, ఏ లయలో మొదలుపెట్టిందో ఆ లయలోనే, కనపడని మాత్రని ఉండ చుడుతూనే ఉంది. అది ఆ నాటకంలో లేదు.

డాక్టరమ్మ కళ్లజోడు తీసేసింది. ముఖం రెండు చేతులతో తుడుచుకుంది. "అయ్యో మాస్టారూ," అంది. ఆ ఒక్క మాటే.

అతనికి అర్థమైపోయింది. గెలిచాడు. ఇలాంటి గెలుపు పగవాడికి కూడా వద్దు.

ఆమె ఫోనెత్తి ఎక్స్‌టర్నల్‌ని ఉన్నపళంగా రమ్మంది. "తప్పు మన జవాబుది, ఆ అమ్మాయిది కాదు," అని గట్టిగా రెండుసార్లు చెప్పి పెట్టేసింది. తర్వాత అతని వైపు తిరిగింది. "ఇక మీదట మీరు..."

"తెలుసమ్మా," అన్నాడు.

"నేనే చూడాల్సింది. రోజూ నా కళ్లముందే తిరుగుతున్నారు." ఆమె తల అడ్డంగా ఊపి, తలుపు దగ్గరికి వెళ్లి, స్తంభం దగ్గరున్న అమ్మాయిని లోపలికి పిలిచింది. "రామ్మా. ముందుగా కనిపెట్టింది నువ్వు. మొదటి నుంచి నువ్వే అడుగు, నేను వింటాను."

నత్త వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రగా ఉన్నాయి. తన పరీక్ష సంగతి అడగలేదు. స్టూలు లాక్కుని అతనికి దగ్గరగా కూర్చుంది.

"మొన్న వరండాలో ఆ మాట అనకుండా ఉండాల్సింది తల్లీ," అన్నాడు అతను.

"ఫర్వాలేదు బాబాయి గారూ. నేను నిజంగానే నిదానం." ఆమె కొంచెం నవ్వింది. "ఎప్పటి నుంచి వణుకుతోందండీ?"

పిల్లలందరూ మొదట అడిగేది ఈ ప్రశ్నే. ప్రతి వేషానికీ దానికొక జవాబు ముందే తయారుగా ఉండేది. అతను వెతుక్కున్నాడు. నిజమైన జవాబు ఏమిటో, ఏ రోజు నుంచి లెక్కపెట్టుకోవాలో తెలియక తడుముకున్నాడు. "వానలు తగ్గాక..." అన్నాడు.

"వానలకి ముందే," అంది భార్య బెంచీ మీంచి లేస్తూ. "అప్పటికే కుడికాలి చెప్పు ఈడ్చుకుంటూ నడిచేవారు. చెయ్యి ఆ తర్వాత. వాసన ఇంకా ముందే పోయింది. పక్కన చొక్కా మాడిపోతున్నా తెలియదు."

అతను ఆమె వంక నోరు తెరుచుకుని చూశాడు. "నీకు తెలుసా? మరి రిహార్సలంటే నమ్మేదానివిగా?"

"మీరు నమ్మమన్నారు కదా అని నమ్మినట్టు ఉన్నాను," అంది. "నాకు మాత్రం ఇంకేం చెయ్యాలో తోచిందా?" దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "ఆ గొడుగు ఇటివ్వండి."

అప్పటికి గాని అతను చూసుకోలేదు, ఎప్పుడు అందుకున్నాడో, పిడి మళ్లీ కుడిచేతిలో బిగించి పట్టుకుని ఉన్నాడు. వేళ్లు ఒక్కొక్కటే వదులు చేసి గొడుగు ఆమెకి ఇచ్చేశాడు. ఖాళీ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. అది మొదలుపెట్టింది. ముగ్గురూ చూస్తుండగా అతను దాన్ని ఆడనిచ్చాడు.